ఎర్రన్న కదలని దసరా

శంషాబాద్ బస్టాండు వెనక సందులో కంప్యూటర్లు బాగుచేసే ఇమ్రాన్, మా పాత సీపీయూ డబ్బాను బల్ల మీద పడుకోబెట్టి, పక్క రేకు విప్పి, లోపలికి చాలాసేపు చూశాడు. ఆ తర్వాత నావైపు చూశాడు.

"అక్కా, ఇందుల బియ్యమున్నయి," అన్నాడు.

ఉంటాయి మరి. పసుపు కలిపిన అక్షింతలు ఫ్యాను రెక్కల కింద గట్టిపడి ఉన్నాయి. వైర్ల మధ్య ఎండిపోయిన బంతిపూల రేకులున్నాయి. డబ్బా ముఖాన సీడీ పెట్టే తలుపు మీద కుంకుమ బొట్టు నల్లబడి, గోకినా రానంతగా అంటుకుపోయింది. ఇమ్రాన్ నవ్వాలో భయపడాలో తెలియక, "ఎవలన్న మంత్రం గిట్ల చేసిన్రా?" అని అడిగాడు. "లేదు తమ్మీ, దసరాకు పూజ చేసినం," అన్నాను. "కంప్యూటర్‌కా?" అన్నాడు. "కంప్యూటర్‌కు కాదు, దాని లోపలున్న బండికి," అన్నాను. పాపం, అతను మళ్ళీ ఒకసారి లోపలికి తొంగిచూశాడు.

బాపు పోయి ఏడాది దాటింది. అమ్మ ఇప్పుడు బుద్వేల్‌లో నా దగ్గరే ఉంటుంది. శంషాబాద్ ఇంటిని కిరాయికి ఇద్దామని తనే అంటే, సామాను సర్దడానికి ఇద్దరం పోయాము. అటక మీద యూరియా సంచిలో చుట్టి, తాడుతో కట్టి, ఈ డబ్బా దొరికింది. ఆ ముడి చూడగానే అది బాపు కట్టిందని తెలిసింది. ట్రాలీలో గడ్డి మోపులు జారకుండా కట్టే ముడి అది, విప్పాలంటే ఓపిక కావాలి. "పాత ఇనుపోనికి ఏసెయ్యరాదూ," అంది అమ్మ. నాకు చేతులు రాలేదు. లోపల ఎర్రన్న ఉన్నాడో లేడో చూడకుండా ఎట్లా వేస్తాను? గగన్‌పహాడ్‌లో నా ఉద్యోగానికి సెలవు పెట్టి మరీ డబ్బాను ఒళ్ళో పెట్టుకుని ఆటోలో ఇమ్రాన్ దగ్గరికి వచ్చాను.

మా పొలం ఇప్పుడు విమానాశ్రయం లోపల ఉంది. కచ్చితంగా ఎక్కడ ఉందన్న విషయంలో మా ఇంట్లో ఏనాడూ మాట కలవలేదు. కార్లు నిలబెట్టే చోటే మన చేను అని అమ్మ నమ్మకం. బాపు మాత్రం విమానం చక్రాలు నేలకు తగిలే చోటే మనదని పట్టుబట్టేవాడు. మేడ మీద ఆరేసిన మిరపకాయల పక్కన నిలబడి, ఆకాశంలోంచి దిగుతున్న విమానాన్ని చూపించి, "అగో, మన మక్కచేన్లకే దిగుతుంది," అనేవాడు. చుట్టాలెవరైనా దుబాయ్ పోతే మా నాయనమ్మ వీధిలో అందరికీ, "మన చేన్లకెంచే పోయిన్రు," అని చెప్పుకునేది, తను గేటు తీసి పంపినట్టు.

పొలం పోయినా ట్రాక్టర్ మాత్రం కొన్నాళ్ళు ఉంది. ఎర్ర రంగు బండి. దాని నుదుటి మీద బాపు తెల్ల రంగుతో 'ఎర్రన్న' అని రాయించాడు. వయసులో తనకంటే చిన్నదే అయినా దాన్ని అన్నా అనే పిలిచేవాడు. దున్నడానికి చేను లేకపోయినా రోజూ పొద్దున్నే కొట్టంలోకి పోయి దాన్ని స్టార్ట్ చేసి, కాసేపు మోగనిచ్చి, తువ్వాలతో ఒళ్ళంతా తుడిచి వచ్చేవాడు. "ఊకె నిలవడితే కాళ్ళు పడిపోతయి," అనేవాడు. ఆ వేళకు అమ్మ పప్పుకు తాలింపు వేసేది. డీజిల్ పొగా, వెల్లుల్లి వాసనా కలిసి ఇల్లంతా ఒకేసారి తిరిగేవి. ఇప్పటికీ పెట్రోల్ బంకు దగ్గర ఆగితే నాకు ఆకలి వేస్తుంది. ఈ మాట ఎవరితో అన్నా నవ్వుతారు, అయినా నిజం.

చివరికి షాద్‌నగర్ వైపు నుంచి ఒకాయన వచ్చి ట్రాక్టర్‌ను తోలుకుపోయాడు. పేరు మాత్రం చెరపొద్దని బాపు అడిగాడు, ఆయన సరేనన్నాడు. మర్నాడు పొద్దున బాపు అదే వేళకు లేచి, తువ్వాల భుజాన వేసుకుని, ఖాళీ కొట్టంలోకి పోయి నిలబడ్డాడు. నేల మీద నూనె మరకలు తప్ప అక్కడ ఏమీ లేదు. కాసేపు నిలబడి వచ్చి, అన్నం తిని, గోడకు తగిలించిన ట్రాక్టర్ ఫోటో కింద కూర్చున్నాడు. అప్పటినుంచి ఆయన మాట తగ్గిపోయింది. అడిగినదానికి జవాబు చెప్పేవాడు, తనంతట తాను ఏమీ అనేవాడు కాదు. మా ఇల్లు అంతకుముందు ఎంత గోలగా ఉండేదో అప్పుడు తెలిసింది.

ఇక నాయనమ్మ సంగతి చెప్పాలి. మా ఇంటి గడప దాటి లోపలికి వచ్చిన ఏ యంత్రమూ ఆమె చేతి పసుపు తప్పించుకోలేదు. ఫ్రిజ్జుకు బొట్టు, మిక్సీకి బొట్టు, ఇస్త్రీ పెట్టెకు బొట్టు. గ్యాస్ సిలిండర్ వచ్చిన ప్రతిసారీ పాతదాని బొట్టు తుడిచి కొత్తదానికి పెట్టేది. అంతసేపూ సిలిండర్ తెచ్చినాయన గుమ్మంలో చేతులు కట్టుకుని నిలబడేవాడు. నా చదువు కోసం కంప్యూటర్ కొన్న రోజున దాని ముందు కొబ్బరికాయ కొట్టింది, నీళ్ళు కీబోర్డు మీద పడకుండా అమ్మ కొంగు అడ్డం పెట్టింది. "ఇది ఏమేం పనులు జేస్తదే?" అని అడిగింది నాయనమ్మ. "అన్ని పనులు చేస్తది," అన్నాను గొప్పగా. "నీళ్ళు తోడుతదా?" "తోడది." "వడ్లు దంచుతదా?" "దంచది." "ఇగ ఏం పనులే!" అని బొట్టు మాత్రం పెట్టి వెళ్ళిపోయింది.

ఆ కంప్యూటర్‌లోకి ఆట తెచ్చింది నేనే. మా వీధి చివర నెట్ సెంటర్ నడిపే రమేశన్న ఒక సీడీ ఇచ్చాడు. దాని ఇంగ్లీషు పేరు మాకెవరికీ నోరు తిరగలేదు, ఇంట్లో అందరం 'బండ్ల ఆట' అనే పిలిచాము. ఎప్పుడో రాబోయే కాలంలో, ఏదో ఎర్రమట్టి గ్రహం మీద జరిగే యుద్ధం అది. తాటిచెట్టంత ఇనుప బండ్లు కాళ్ళతో నడుచుకుంటూ వచ్చి కొట్టుకుంటాయి. ఆడే మనిషి బండి లోపల కూర్చున్నట్టు లెక్క. కాళ్ళు, చేతులు, కవచాలు, తుపాకులు, అన్నీ ఒక షెడ్డులో విడివిడిగా ఉంటాయి. మనకు కావలసినవి ఏరుకుని బండిని మనమే బిగించుకోవాలి. మొత్తం బరువు మాత్రం ఒక హద్దు దాటకూడదు. అందరూ సన్నటి కాళ్ళు, పెద్ద తుపాకులు పెట్టుకునేవాళ్ళు. నేనూ అట్లాంటిదే ఒకటి పెట్టుకుని హాల్లో కూర్చుని ఆడుకుంటుంటే, ఒకరోజు వెనకనుంచి బాపు గొంతు వినిపించింది. తనంతట తాను మాట్లాడటం అదే, చాలా రోజుల తర్వాత.

"గా కాళ్ళేంది బిడ్డా గట్ల సన్నగున్నయి? తడి దుక్కిల దిగితే మళ్ళ లేస్తదా?"

"ఇది దుక్కి కాదు బాపు, యుద్ధం."

"యుద్ధమైతే నేల మీదనేనా, గాలిలనా?"

నేల మీదే అని ఒప్పుకోక తప్పలేదు. ఆయన కుర్చీ లాక్కుని పక్కన కూర్చున్నాడు. ఆ పూటే సన్న కాళ్ళు పోయి, ఏనుగు పాదాల్లాంటి నాలుగు కాళ్ళు వచ్చాయి. మర్నాడు, ఇంజన్ చల్లబరిచే డబ్బా చిన్నదిగా ఉందని, ఎండలో ఇంజన్ గుంజదని, ఉన్నవాటిలో అన్నిటికంటే పెద్దది పెట్టించాడు. ముందర గార్డ్ లేకుండా బండి రోడ్డెక్కదన్నాడు, కాబట్టి ఛాతీకి అడ్డంగా ఒక ఇనుప దూలం బిగించాము. షెడ్డు మూలలో ఎవరూ ముట్టుకోని ఒక భోంగా ఉంది. ఎదుటివాణ్ణి బెదిరించడానికి మోగించేదట, పైసా పనికిరాదు, బరువు మాత్రం దండిగా తింటుంది. బాపు దాన్ని చూసి మురిసిపోయాడు. "హారన్ లేని బండి బండేనా?" అన్నాడు. ట్రాలీ కోసం షెడ్డంతా వెతికించాడు. దొరకలేదు. ఆట తయారుచేసినవాళ్ళు ఇంత చేసి ట్రాలీ ఎట్లా మరిచిపోయారా అని చాలాకాలం ఆశ్చర్యపడ్డాడు.

ఇవన్నీ పోగా తుపాకులకు బరువు మిగలలేదు. "దినమంత తుపాకితోని ఏం పని?" అన్నాడు బాపు తేలిగ్గా. మిగిలిన కాస్త బరువులో ఒక సుత్తి చెయ్యి పట్టింది, అదే మా మొత్తం ఆయుధం. తర్వాత ఎర్ర రంగు వేయించాడు. నుదుటి మీద పేరు రాసుకునే వీలుందని తెలిశాక ఇంక చెప్పేదేముంది. ఇంగ్లీషు అక్షరాల్లో ఎర్రన్న అని నేను కొడుతుంటే ఒక్కో అక్షరం అడిగి తెలుసుకున్నాడు. భవిష్యత్తులో ఎప్పుడో పరాయి గ్రహం మీద తిరగాల్సిన ఆ మహా యంత్రం అట్లా మా ఇంటి మనిషైపోయింది.

ఒక మధ్యాహ్నం కాలేజీ నుంచి త్వరగా వచ్చేసరికి హాల్లో బాపు ఒక్కడే కంప్యూటర్ ముందు ఉన్నాడు. నాయనమ్మ పక్కనే చాప మీద కూర్చుని చింతపండులో గింజలు తీస్తోంది. ఆటలో శత్రువులు రాని ఖాళీ మైదానం ఒకటి ఉంటుంది, నడక నేర్చుకోవడానికి. బాపు రెండు వేళ్ళతో మీటలు నొక్కుతూ ఎర్రన్నను అందులో నడిపిస్తున్నాడు. ఈ చివరినుంచి ఆ చివరికి తిన్నగా పోతాడు, అక్కడ హారన్ కొడతాడు, మళ్ళించుకుని పక్కనుంచే తిన్నగా ఈ చివరికి వస్తాడు. ఏం చేస్తున్నాడో అర్థం కావడానికి నాకు కాసేపు పట్టింది. సాలు వెంట సాలు, దున్నుతున్నాడు. నాయనమ్మ తల ఎత్తి తెర చూసి, చింతగింజతో చూపిస్తూ, "గా మూల మిగిలింది," అంది. "పోతున్న అవ్వా," అన్నాడు బాపు, బండి అటు తిప్పుతూ. నేను చెప్పులు చేతిలో పట్టుకుని వెనక్కి తిరిగి, చప్పుడు చేయకుండా వంటింటి గుమ్మం నుంచి లోపలికి పోయాను. నాకు నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది, ఏది ముందు వచ్చిందో ఇప్పుడు చెప్పలేను.

రమేశన్న పోటీ పెట్టింది ఆ తర్వాతే. శంషాబాద్, గగన్‌పహాడ్, బుద్వేల్ దాకా ఆటగాళ్ళు వచ్చారు. ఎవరి బండి వాళ్ళ డబ్బాలోనే ఉంటుంది కాబట్టి ఎవరి సీపీయూ వాళ్ళు నెట్ సెంటర్‌కు మోసుకురావాలి. నేను పేరిచ్చాను, సరదాకే. ఎర్రన్నతో గెలుస్తానని నాకే నమ్మకం లేదు. కానీ ఒక విచిత్రం జరిగింది. ఎదుటివాళ్ళు మా మీద గుళ్ళన్నీ కాల్చేసేవాళ్ళు, మా కవచాలకు గీతలు తప్ప ఏమీ అయ్యేది కాదు. గుళ్ళు అయిపోయాక మేము నింపాదిగా నడుచుకుంటూ పోయి సుత్తితో ఒక్కటి వేసేవాళ్ళం. ఎదుటివాళ్ళు అలసిపోబట్టే మేము గెలిచాము. అట్లా అలసట మీద అలసట, చివరి ఆటకు చేరాము. అప్పుడు చెప్పాడు రమేశన్న, చివరి ఆటలో ఓడినవాళ్ళ బండిని గెలిచినవాళ్ళు విప్పి విడిభాగాలు తీసుకుంటారట, బండి ఇంక ఉండదట. రాకపోయినా ఓడినట్టేనట.

ఇంటికొచ్చి ఈ మాట చెప్పగానే బాపు మొహం ఖాళీ కొట్టం ముందు నిలబడ్డ రోజులా అయిపోయింది. పొలం పోయింది, ట్రాక్టర్ పోయింది, ఇప్పుడు ఇదీ పోతే ఈయన మళ్ళీ ఫోటో కింద కూర్చుంటాడనిపించింది. రమేశన్న దగ్గరికి పరుగెత్తి పోయి ఉపాయం అడిగాను. బండిని ఇంకో కాపీ తీసి దాచుకోవచ్చన్నాడు, ఒరిజినల్ పోయినా అచ్చం అట్లాంటిదే ఉంటుందన్నాడు. సంబరంగా వచ్చి బాపుకు చెప్పాను. ఆయన గోడ మీది ఫోటో వైపు చూశాడు.

"ఫోటో ఉన్నంత మాత్రాన బండి ఉన్నట్టా బిడ్డా?" అన్నాడు. కాపీ తీయనివ్వలేదు.

చివరి ఆట దసరా మధ్యాహ్నం పెట్టారు, సెలవు కాబట్టి. మా ఇంట్లో దసరాకు ఒక పద్ధతి ఉంది. పొద్దున పూజకు పెట్టిన పనిముట్టును, సాయంత్రం జమ్మి ఆకు తెచ్చి దాని మీద పెట్టేదాకా వాడకూడదు. ఏడాదంతా కష్టపడ్డందుకు దానికి ఆ ఒక్క పూట సెలవు. నాగలి ఉన్న రోజుల్లో నాగలికి, తర్వాత ట్రాక్టర్‌కు, ఎప్పుడూ తప్పలేదు. ట్రాక్టర్ లేకుండా వచ్చిన మొదటి దసరా అది. నేను తలస్నానం చేసి వచ్చేసరికి నాయనమ్మ పసుపు కుంకుమల పళ్ళెం పట్టుకుని ఖాళీ కొట్టంలో నిలబడి ఉంది. అలవాటున వచ్చేసింది, వచ్చాక ఏం చేయాలో తెలియలేదు. బాపు గుమ్మంలోంచి ఆమెను కాసేపు చూశాడు. చూసి, "ఇటు దే అవ్వా," అని హాల్లోకి నడిచాడు.

నేను వెళ్ళేసరికి అంతా అయిపోయింది. సీపీయూ మెడకు బంతిపూల దండ, ముఖాన బొట్టు, నాలుగు మూలల కింద నిమ్మకాయలు, వెనక వైర్లకు మిరపకాయల గుత్తి. గాలి కంతల్లోంచి లోపలికి అక్షింతలు. తెర మీద షెడ్డులో ఎర్రన్న నిలబడి ఉన్నాడు, ఆ గాజు మీదా ఒక బొట్టు, సరిగ్గా వాడి నుదుటి మీద పడేటట్టు.

"బాపు! మధ్యాహ్నం ఆట ఉంది గదా!"

"ఎరికే. పండుగ ఉట్టిగ పోనియ్యబుద్ధి కాలే బిడ్డా," అన్నాడు.

"మరి ఇప్పుడెట్ల?"

"పూజకు పెట్టినం. ఇగ పొద్దుమూకి జమ్మి పెట్టేదాంక కదలది."

అమ్మ నెత్తి కొట్టుకుంది. పంచాయితీ నాయనమ్మ ముందుకు పోయింది, మా ఇంట్లో ఇలాంటివాటికి ఆమె మాటే ఆఖరు. మొదటి చిక్కు, అసలు డబ్బాను నెట్ సెంటర్ దాకా తీసుకుపోవచ్చా అన్నది. నాయనమ్మ ఆలోచించి, "డబ్బా కొట్టమసుంటిది. కొట్టం కదిలితె ఏంగాదు, లోపల బండి కదలద్దు," అంది. రెండో చిక్కు నేను ఎత్తాను. ఎర్రన్న నడవకపోతే సరే, కనీసం సుత్తి ఎత్తవచ్చా? ఇది కష్టమైన ప్రశ్న. ఆమె తమలపాకు నమిలి, దవడ మార్చి, "కుక్క మీదికొస్తె కట్టె లేపమా? లేపుతం. ఎంటవడి కొట్టం," అంది. "ఎవడన్న మీద వడితె దులుపుకో. నువ్వు మాత్రం అడుగు తియ్యకు."

అట్లా, ఒక్క అడుగు వేయకుండా చివరి ఆట ఆడటానికి ఆటోలో బయలుదేరాము. డబ్బా బాపు ఒళ్ళో, దండతో సహా. ఆటో కదిలేముందు నిమ్మకాయలు చక్రాల కింద పెట్టాలని నాయనమ్మ పట్టుబట్టింది, ఆటో ఆయన కూడా దసరా కదా అని సంతోషంగా ఒప్పుకున్నాడు. దారి పొడుగునా జనం మమ్మల్ని చూసి దండం పెట్టారు. ఏ దేవుడనుకున్నారో తెలియదు.

నెట్ సెంటర్ కిక్కిరిసి ఉంది. ఎదుటి ఆటగాడు కిశోర్, బుద్వేల్ దగ్గర హాస్టల్లో ఉండి చదువుకుంటున్న కోస్తా కుర్రాడు. మర్యాదస్తుడు. మా డబ్బాను చూసి, "పూజ బాగా చేశారండీ," అన్నాడు. అతని బండి సన్నగా, చురుగ్గా, ఒంటినిండా తుపాకులతో ఉంది. దాన్ని అతనే ఎంతో కాలంగా బిగించుకుంటూ వచ్చాడట.

ఆట మొదలైంది. ఎర్రన్న లోయ మధ్యలో దిగాడు, దిగిన చోటే నిలబడ్డాడు. నేను చేతులు ఒళ్ళో పెట్టుకున్నాను. కిశోర్ బండి చుట్టూ తిరుగుతూ కాల్చడం మొదలుపెట్టింది. ఎడమనుంచి కాల్చింది, కుడినుంచి కాల్చింది, కొండ వెనక దాక్కుని కాల్చింది. మేము ఎందుకు కదలడం లేదో, ఇందులో ఏం మోసం ఉందో అతనికి అర్థం కాక, దాక్కోవలసిన అవసరం లేకపోయినా దాక్కున్నాడు. కవచాలు ఒక్కొక్కటే ఎర్రబడి రాలుతున్నాయి. ఒక పక్క రేకు ఊడి కిందపడ్డప్పుడు బాపు చెయ్యి నా భుజాన్ని గట్టిగా పట్టుకుంది. ఒక్క మీట నొక్కితే పక్కకు జరిగి తప్పించుకోవచ్చు. వేలు దానిదాకా పోయింది కూడా. బాపు వద్దంటే ఆగేదాన్నో లేదో గానీ, ఆయన ఏమీ అనకపోవడంతో ఆగిపోయాను.

"నడువక్కా! నడువ్!" అని వెనకనుంచి జనం అరుస్తున్నారు. "హ్యాంగైంది!" అని ఎవరో అన్నారు. "హ్యాంగ్ గాలే, పండుగ," అన్నాడు బాపు గంభీరంగా.

చివరికి కిశోర్ గుళ్ళన్నీ అయిపోయాయి. ఎర్రన్న ఒంటి మీద ముందర గార్డు, ఇంజన్ చల్లబరిచే డబ్బా, నాలుగు కాళ్ళు, సుత్తి, హారన్ మిగిలాయి. కిశోర్ బండి మెల్లగా దగ్గరికొచ్చి ఎదురుగా నిలబడింది. అతను తెర పక్కనుంచి తల బయటికి పెట్టి, "మీ కీబోర్డు పనిచేయడం లేదేమోనండీ, ఒకసారి చూసుకోండి," అన్నాడు. నిజంగా నా మీద జాలిపడి అన్నాడు. నాకు ఏం చేయాలో తోచక బాపు వైపు తిరిగాను.

"బాపు, మీదికొచ్చినట్టేనా?"

"లేదు. పలకరించనీకొచ్చిండు. జర ఆగు."

ఆగాము. నెట్ సెంటర్ అంతా ఆగింది. రెండు బండ్లు ఎర్రమట్టి గ్రహం మీద ఎదురెదురుగా, చాలాకాలానికి కలుసుకున్న చుట్టాల్లా నిలబడ్డాయి. నాకు వేరే దారి తోచక హారన్ కొట్టాను. అది కదలిక కిందికి రాదని నా నమ్మకం. కిశోర్ ఉలిక్కిపడ్డాడు. అతని వేలు ఏ మీట మీద పడిందో ఏమో, అతని బండి కాలెత్తి మా ముందర గార్డును తన్నింది. సన్నకాలు దూలానికి తగిలి వంగిపోయింది. బండి ముందుకు తూలి ఎర్రన్న మీద పడింది.

"మీద వడ్డడు," అన్నాడు బాపు. "ఇగ దులుపుకో."

సుత్తి ఒక్కసారే లేచింది. జనం నెట్ సెంటర్ పైకప్పు ఎగిరిపోయేంత గోల చేశారు. కిశోర్ మాత్రం కదలకుండా తెర వైపే చూస్తూ కూర్చున్నాడు. కింద పడి పొగలు కక్కుతున్న తన బండిని చూస్తున్న ఆ చూపు నాకు తెలిసినదే. అదే చూపు ఇంట్లో ఎన్నో రోజులు చూశాను.

తెర మీద ప్రశ్న వచ్చింది. ఓడిన బండిని విప్పి తీసుకోవాలా, వదిలేయాలా? రెండో దాన్ని ఇంతవరకు ఎవరూ నొక్కలేదని రమేశన్న చెప్పాడు. ఆ తుపాకులన్నీ మనవైపోతాయని వెనకనుంచి ఎవరో ఆశపెట్టారు. నేను బాపుకు చదివి వినిపించాను.

"వాళ్ళ బండి వాళ్ళకియ్యి," అన్నాడు. "పండుగ పూట ఇంకోని బండి మనకెందుకు?" ఆ తర్వాత కిశోర్ వైపు తిరిగి, "హాస్టల్ల ఉంటవా? పొద్దుగాలకెంచి ఏమన్న తిన్నవా?" అని అడిగాడు.

కిశోర్ మా ఇంటికి వచ్చి మటన్ కూర తిన్నాడు, కారానికి కళ్ళ నీళ్ళు పెట్టుకుంటూనే రెండోసారి వేయించుకున్నాడు. బహుమతిగా వచ్చిన గోడ గడియారానికి నాయనమ్మ బొట్టు పెట్టింది. పొద్దుగూకాక బాపు జమ్మి తెచ్చాడు. అందరికంటే ముందు కిశోర్ చేతిలో ఆకు పెట్టి, "బంగారం," అని ఆలింగనం చేసుకున్నాడు. వాళ్ళ వైపు ఈ పద్ధతి లేదేమో, ఆకును ఏం చేయాలో తెలియక అతను చొక్కా జేబులో దాచుకున్నాడు. ఆ తర్వాత బాపు ఒక ఆకు డబ్బా మీద పెట్టి, కుర్చీలో కూర్చుని, ఎర్రన్నను ఖాళీ మైదానంలోకి నడిపించుకుపోయాడు. ఆ రాలిపోయిన రేకులతోనే ఒక చుట్టు తిప్పాడు. తిప్పుతూ తనంతట తానే మాట్లాడాడు, కిశోర్‌తో, పత్తి గురించి, వాన గురించి, వాళ్ళ ఊళ్ళో ఏం పండుతుందన్న దాని గురించి. వంటింట్లో అంట్లు తోముతున్న అమ్మ చేతులు ఆపి వింటూ నిలబడిపోయింది.

ఇప్పుడు మా ఇంట్లో మనిషికొక ఫోను ఉంది. నేనూ, మా ఆయనా, మా అమ్మాయీ ఒకే సోఫాలో కూర్చుని ఉంటాము, ఎవరి తెరలో ఎవరు ఏం చేస్తున్నారో పక్కవాళ్ళకు తెలియదు. ఎవరి తెరకు వాళ్ళ వేలిముద్రే తాళం. అప్పుడు ఒక్క తెర, దాని వెనక ఇల్లంతా నిలబడేది, తలా ఒక మాట అనేది, ఎవరికీ ఆట తెలియదు. అదే మంచిదని నేను అనను, నాయనమ్మ సలహాలతో నా ప్రాణం విసిగిపోయిన రోజులు చాలా ఉన్నాయి. కానీ మొన్న అమ్మ ఒక్కతే కిటికీ దగ్గర కూర్చుని ఆకాశంలో విమానాన్ని చూస్తుంటే, అది మన మక్కచేన్లకే దిగుతుందని చెప్పేవాళ్ళు లేరే అనిపించి బాపు మీద బెంగ పుట్టుకొచ్చింది. మర్నాడే డబ్బా పట్టుకుని ఇక్కడికి వచ్చాను.

ఇమ్రాన్ బ్రష్షుతో దుమ్ము దులిపాడు. అక్షింతలను పారేయకుండా ఒక కాగితంలో పోసి నా చేతికిచ్చాడు. వైర్లు తగిలించి మీట నొక్కితే డబ్బా ముసలి దగ్గు దగ్గి, ఆగి, మళ్ళీ దగ్గి, లేచింది. ఆట ఉంది. షెడ్డు ఉంది. షెడ్డులో ఎర్రన్న నిలబడి ఉన్నాడు, ఎక్కడి రేకు అక్కడే ఉంది. బాపు ఎప్పుడో కూర్చుని అన్నీ బిగించి పెట్టినట్టున్నాడు.

"గిదేనా అక్కా బండి?" అన్నాడు ఇమ్రాన్. "జర ఆడి చూపియ్యరాదూ."

నేను ఎర్రన్నను ఖాళీ మైదానంలోకి తీసుకుపోయాను. ఈ చివరినుంచి ఆ చివరికి తిన్నగా నడిపించాను. అక్కడ హారన్ కొట్టాను. మళ్ళించుకుని, పక్కనుంచే వెనక్కి వచ్చాను. మళ్ళీ పోయాను.

"దుష్మన్లు ఏరి అక్కా?"

"ఇందులకు రారు తమ్మీ."

"మరి ఏం జేస్తున్నవ్?"

"దున్నుతున్న."

ఇమ్రాన్ నా మొహం చూశాడు, తెర చూశాడు, తర్వాత స్టూలు లాక్కుని పక్కన కూర్చున్నాడు. ఎవరో ఫోను పట్టుకుని గుమ్మంలోకి వస్తే ఆగమని చెయ్యి చూపించాడు. నేను సాలు వెంట సాలు వేసుకుంటూ పోయాను. అయిపోయిందనుకుని మీటల మీంచి చేతులు తీయబోతుంటే అతను ముందుకు వంగి, తెర మీద కింది వైపు వేలు పెట్టాడు.

"గా మూల మిగిలింది అక్కా," అన్నాడు.

ఎర్రన్నను అటు తిప్పాను.